వాంటేజ్ నుంచి కేడ్‌గావ్ దాకా: చర్చిని ప్రశ్నించిన రమాబాయి

మతమార్పిడి చట్టాల మీద మన దేశంలో వాదన చాలా జరుగుతుంది, వాటి పాఠాన్ని చదవటం మాత్రం అరుదు. 1967లో ఒడిశా, 1968లో మధ్యప్రదేశ్ చేసిన చట్టాలను తీసుకోండి. బలవంతంగానో, మోసంతోనో, ఆశ చూపో ఒకరి మతం మార్పించినవారికి అవి శిక్ష విధించాయి. మారిన వ్యక్తి మైనరైనా, స్త్రీ అయినా, షెడ్యూల్డ్ కులాలకో తెగలకో చెందినవారైనా ఆ శిక్షను రెట్టింపు చేశాయి. 2021 నాటి ఉత్తరప్రదేశ్ చట్టం కూడా ఈ వర్గీకరణను నిలుపుకుంది. పైగా మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలంది. పసిపిల్లలనూ, వయసు వచ్చిన స్త్రీలనూ, దళిత ఆదివాసులనూ ఒకే గాటన కట్టిన ఆ నిబంధనలో కొందరికి శాసనకర్తల దయ కనిపించవచ్చు. నాకు మాత్రం అందులో ఒక పాత నమ్మకం కనిపిస్తుంది. దేవుడు ఎలాంటివాడు అన్న ప్రశ్న వీళ్లకు స్వయంగా పుట్టదు, ఎవరో పుట్టిస్తేనే పుడుతుంది. జవాబు వీళ్లు వెతుక్కోరు, ఎవరో చేతిలో పెడితే పుచ్చుకుంటారు. ఇదీ ఆ నమ్మకం.

దీన్ని కేవలం హిందుత్వ రాజకీయాల ఖాతాలో వేయటం చరిత్రకు అన్యాయం. ఒడిశా చట్టం చేసింది స్వతంత్ర పార్టీ నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వం. మధ్యప్రదేశ్‌లో అప్పుడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్ చీలికవర్గం కూడా కలిసిన సంయుక్త విధాయక దళ్. ఇంకా వెనక్కి వెళితే పందొమ్మిదో శతాబ్దపు సనాతనులూ, సంస్కర్తలూ, మిషనరీలూ తమలో తాము ఎంత పోట్లాడుకున్నా ఈ ఒక్క విషయంలో చాలా దగ్గరగా ఉండేవారు. ఆ ముగ్గురితోనూ తలపడిన ఒక స్త్రీ జీవితం ఈ సంగతిని బయటపెడుతుంది కాబట్టే పండిత రమాబాయి (1858–1922) గురించి ఇప్పుడు రాస్తున్నాను.

రమాబాయి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పంక్తి. వితంతువుల కోసం శారదా సదన్ స్థాపించిన సంఘసంస్కర్త అని ఆ పంక్తి చెబుతుంది. ఆమె క్రైస్తవం స్వీకరించారన్న సంగతిని తడబడుతూ చెబుతుంది, లేదా దాటవేస్తుంది. బాప్తిస్మం పొంది రెండేళ్లు తిరగకముందే తనకు బాప్తిస్మం ఇచ్చిన చర్చితోనే ఆమె సిద్ధాంత వివాదానికి దిగారన్న సంగతి అసలే చెప్పదు. నా దృష్టిలో ఆమె జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం అది.

ఆ వివాదం మూలాలు వెతకాలంటే ఇంగ్లండు కన్నా ముందు తిరుపతికి రావాలి.

ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృత పండితుడు. స్త్రీలకు సంస్కృతం చెప్పకూడదన్న కట్టుబాటును కాదని భార్య లక్ష్మీబాయికి చెప్పాడు. అందుకు పండిత సభ ముందు సమాధానం ఇచ్చుకోవలసి వచ్చింది. పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో ఆశ్రమం లాంటి ఇల్లు కట్టుకుని ఉన్నప్పుడు రమాబాయి పుట్టారు. ఆమెకు చదువు చెప్పింది ముఖ్యంగా తల్లే. తరువాత కుటుంబమంతా పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణం చెబుతూ, వచ్చినదానితో బతుకుతూ ఏళ్లు గడిపింది. చేతిలో ఉన్నదంతా దానాలకూ, వ్రతాలకూ, దేవుళ్ల సేవకూ ఖర్చయింది. 1870లలో కరువు వచ్చేసరికి అమ్ముకోవటానికి కూడా ఏమీ మిగల్లేదు. కూలిపని చేద్దామంటే కులం అడ్డం. యాచిద్దామంటే అభిమానం అడ్డం. తిరుపతి ప్రాంతపు అడవిలో పదకొండు రోజులు నీళ్లూ ఆకులూ తిని బతికామని రమాబాయి తరువాత తన ఆత్మకథనంలో రాశారు. వృద్ధుడైన తండ్రి దగ్గరలో ఉన్న పుణ్యతీర్థంలో దిగి ప్రాణం విడుస్తానన్నాడు. కొడుకు శ్రీనివాస్ కులగర్వం పక్కన పెట్టి కూలికి పోతానని ఆయన్ని ఆపాడు. అయినా తండ్రి దక్కలేదు. కొండ కిందికి దిగాక కొద్ది రోజులకే పోయాడు. పోయేముందు చిన్నకూతురిని దగ్గరికి తీసుకుని, నిన్ను దేవుడి చేతిలో పెట్టాను, ఆయననే సేవించమని చెప్పినట్టు ఆమె గుర్తుచేసుకున్నారు.

కొద్ది కాలానికే నిజాం రాజ్యంలోని రాయచూరులో తల్లి పోయింది. పాడె మోయటానికి ఊళ్లో ఇద్దరే ముందుకు వచ్చారు. అన్న మూడోవాడు, చెల్లెలు నాలుగోది. ఎత్తు చాలక ఆమె ఆ కొమ్మును భుజానికి బదులు తలమీద పెట్టుకుని శ్మశానం దాకా మోశారు. అప్పటికి పదహారేళ్ల ప్రాయం.

ఈ రెండు మరణాలను రమాబాయి మతమార్పిడికి కారణంగా చూపటం తేలిక. మిషనరీ సాహిత్యం ఆ పనే చేసింది: ఆకలి, నిరాశ, ఆపై వెలుగు. చట్టాలు రాసేవారి భాషలో చెప్పాలంటే దీనస్థితి, ప్రలోభం. ఈ రెండు కథనాలూ కాలక్రమం ముందు నిలబడవు. తల్లిదండ్రులు పోయిన తరువాత దాదాపు తొమ్మిదేళ్లకు గానీ ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. ఆ తొమ్మిదేళ్లలో అన్నాచెల్లెళ్లు కాలినడకన ఉత్తరదేశమంతా తిరిగారు. విగ్రహారాధన మీద నమ్మకం పోయింది, దేవుడి మీద పోలేదు. 1878లో కలకత్తా చేరితే అక్కడి పండితులు పరీక్షించి ఆమెకు 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. ఇరవై ఏళ్ల స్త్రీకి ఆ గౌరవం అంతకు ముందు లేదు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవ్‌చంద్ర సేన్ వేదాలు చదివారా అని అడిగితే, స్త్రీకి వేదాధికారం లేదు కదా అని జవాబిచ్చారామె. ఆయన ఒక వేద గ్రంథం చేతికిచ్చి చదవమన్నాడు. ఆమె చదివారు. ధర్మశాస్త్రాలూ చదివారు. ఒకదానితో ఒకటి పొసగని ఆ గ్రంథాలన్నీ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నాయని గమనించారు: స్త్రీకీ, శూద్రుడికీ స్వతంత్రంగా మోక్షార్హత లేదు.

ఇది సామాజిక విమర్శ అని మనం వెంటనే అనేస్తాం. ఆమెకు అది అంతకన్నా ముందు దైవస్వభావం గురించిన ప్రశ్న. సృష్టించినవాడు సృష్టిలో సగాన్ని ముందే మోక్షం నుంచి తోసిపుచ్చితే, వాణ్ని దేవుడని ఎలా అనటం? తరువాతి నలభై ఏళ్లు ఆమె ఎవరితో వాదించినా ఈ కొలబద్దను చేతి నుంచి దించలేదు. చర్చి విషయంలోనూ దించలేదు. చర్చి పెద్దలకు మింగుడుపడనిది అదే.

1880లో అన్న ఢాకాలో మరణించాడు. ఆ ఏడే ఆమె కులాంతర వివాహం చేసుకున్నారు. భర్త బిపిన్ బిహారీ దాస్ మేధావి న్యాయవాది, బ్రహ్మసమాజీకుడు, శాస్త్రం లెక్కలో శూద్రుడు. ఇద్దరూ 1872 నాటి మూడో చట్టం కింద రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. అస్సాంలోని సిల్చార్‌లో కాపురం. అక్కడ ఆమె చేతికి బెంగాలీలో ఉన్న లూకా సువార్త ప్రతి ఒకటి దొరికింది; ఒక బాప్టిస్టు మిషనరీ ఇంటికి వచ్చి ఆదికాండం వివరించేవాడు. భార్య క్రైస్తవం వైపు మొగ్గటం బిపిన్‌కు నచ్చలేదు. 1882 ఫిబ్రవరిలో అతను కలరాతో పోయాడు. చేతిలో ఏడాది నిండని కూతురు మనోరమ. ఇరవై మూడేళ్లకు వితంతువైన రమాబాయి పుణె వచ్చి ఆర్య మహిళా సమాజం స్థాపించారు, హంటర్ విద్యా కమిషన్ ముందు సాక్ష్యమిచ్చారు, 'స్త్రీ ధర్మ నీతి' అనే మరాఠీ పుస్తకం రాశారు. ఆ పుస్తకం మీద వచ్చిన డబ్బుతో 1883లో వైద్యం చదవటానికి ఇంగ్లండుకు ఓడెక్కారు. వినికిడి లోపం వల్ల ఆ చదువు సాగలేదు.

ఇంగ్లండులో ఆమెకు ఆశ్రయమిచ్చింది వాంటేజ్ పట్టణంలోని సెయింట్ మేరీ కన్యాస్త్రీల సంఘం. ఆంగ్లికన్ చర్చిలో సంప్రదాయానికీ, యాజక వ్యవస్థకూ ఎక్కువ విలువనిచ్చే వర్గమది. భారతదేశానికి వెళ్లబోయే సిస్టర్లకు ఆమె మరాఠీ నేర్పాలి, ప్రతిగా వారు భోజనవసతి చూడాలి అన్నది ఒప్పందం. తోడుగా వచ్చిన స్నేహితురాలు అక్కడే ఆత్మహత్య చేసుకుంది. ఆ విషాదం జరిగిన కొద్ది కాలానికే, 1883 సెప్టెంబరు 29న, రమాబాయి కూతురితో పాటు బాప్తిస్మం పొందారు. ఇది బలహీన క్షణంలో జరిగిన నిర్ణయమా అన్న సందేహం సహజం. ఆమె మాత్రం రెండు కారణాలు చెప్పుకున్నారు. ఒకటి, తనలాగే చిత్పావన బ్రాహ్మణ్యం నుంచి వచ్చిన నీలకంఠ గోరే రాసిన తర్కం. రెండోది లండన్‌లోని ఫుల్హమ్‌లో ఆ సిస్టర్లు నడిపే ఆశ్రయం. వ్యభిచారంలో చిక్కుకున్న స్త్రీలను అక్కడ చేరదీసి మనుషులుగా చూడటం గమనించి, దీనికి మూలమేమిటని అడిగితే, ఒక సిస్టరు ఆమెకు సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన ఘట్టం చదివి వినిపించింది. ధర్మశాస్త్రాల్లో తాను వెతికి చూడని దేవుడు ఆ బావి దగ్గర ఆమెకు కనబడ్డాడు.

యేసులో కనబడిన దేవుడు ఒకటి. ఆంగ్లికన్ చర్చి అప్పగించిన సిద్ధాంతాల మూట మరొకటి. బాప్తిస్మం తరువాత ఆ మూట ఒక్కొక్క ముడీ విప్పి చూడటం మొదలుపెట్టారు రమాబాయి. 1884 నుంచి చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో గణితం, ప్రకృతి శాస్త్రాలు, ఇంగ్లిషు చదువుతూ, సంస్కృతం చెబుతూ, 1885లో వాంటేజ్‌లోని తన ఆధ్యాత్మిక సంరక్షకురాలు సిస్టర్ జెరాల్డిన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆమెను మరాఠీలో ఆప్యాయంగా 'ఆజీబాయి' అని పిలిచేవారు. మనకైతే అమ్మమ్మ అన్నమాట. ఆ పిలుపు చివరిదాకా పోలేదు, వాదన కూడా తగ్గలేదు.

ఏమిటా వాదన? దేవుడు ఒక్కడే అయితే త్రిత్వం మాటేమిటి? క్రీస్తు దైవత్వాన్ని ఏ అర్థంలో నమ్మాలి? కన్యక గర్భాన జననం, శరీరంతో పునరుత్థానం రక్షణకు తప్పనిసరి షరతులా? ఒకరి మరణం ఇంకొకరి పాపానికి ప్రాయశ్చిత్తం ఎలా అవుతుంది? అన్నిటికీ మించి అథనేసియన్ విశ్వాస ప్రమాణం ఆమెకు కొరుకుడుపడలేదు. త్రిత్వాన్ని సూక్ష్మంగా నిర్వచించి, ఆ నిర్వచనాన్ని యథాతథంగా నమ్మనివారు నిత్యనాశనం పొందుతారని హెచ్చరించే పాఠమది. ఆంగ్లికన్ ఆరాధనలో కొన్ని పండుగరోజుల్లో పఠించేవారు. ఆ హెచ్చరికను అక్షరాలా తీసుకుంటే తిరుపతిలో పోయిన అనంతశాస్త్రి నరకంలో ఉండాలి, రాయచూరులో పోయిన లక్ష్మీబాయీ ఉండాలి. నిన్ను దేవుడి చేతిలో పెట్టానన్న తండ్రికి ఆ దేవుడే తలుపు మూసేశాడని కూతురు నమ్మాలి. ఆమె ఉత్తరాల వెనక ఈ బాధ ఉందనే నేను చదువుకున్నాను. స్త్రీలనూ శూద్రులనూ మోక్షం నుంచి బయటపెట్టిన శాస్త్రాలను కాదని వచ్చినవారు, కోటానుకోట్లమంది అన్యులను బయటపెట్టే పాఠాన్ని ఎలా తలకెత్తుకుంటారు?

సిస్టర్ జెరాల్డిన్‌ది సూటి జవాబు: చర్చి బోధిస్తుంది, విశ్వాసి వింటుంది. అహంకారం విడిచి లోబడమని ఆమె మళ్లీ మళ్లీ రాసింది. రమాబాయి శాకాహారం మానకపోవటంలోనూ, గుడ్డు కలిపిన తీపి వంటకం తినననటంలోనూ ఆమెకు కులగర్వపు అవశేషాలు కనిపించాయి. (ఈ ఒక్కచోట జెరాల్డిన్ పూర్తిగా తప్పని నేననను. కులం అలవాట్లలో ఎంత లోతుగా దాగుతుందో మనకు తెలుసు.) మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఎందుకు కాకూడదు అని రమాబాయి అడిగితే అది కూడా లేనిపోని పేచీగానే తోచింది. నా దేశం వాళ్లకు సంస్కృతం కన్నా లాటిన్ బాగా అర్థమవుతుందనుకుంటున్నారా, లేక సంస్కృతం కన్నా లాటిన్ పవిత్రమా అన్న ధోరణిలో ఆమె తిరిగి అడిగారు. దానికి సమాధానం రాలేదు. వచ్చే అవకాశమూ లేదు.

రమాబాయి తన పక్షాన చెప్పుకున్నది క్లుప్తంగా ఇది. నాకు దేవుడిచ్చిన అంతరాత్మ ఉంది, తీర్పు చేసే బుద్ధి ఉంది. దేవుడి వాక్కుకు లోబడటం వేరు, యాజకులు చెప్పిందానికల్లా లోబడటం వేరు. చాలా కష్టం మీద స్వదేశంలో పురోహితుల కాడి దించుకుని వచ్చాను, అలాంటిదే ఇంకొక కాడి మెడకెత్తుకోవటానికి సిద్ధంగా లేను. ఈ మాటలు రాసేనాటికి ఆమె పరాయి దేశంలో, పరుల ఖర్చు మీద, పసిబిడ్డతో ఉన్నారు. తిరుగు ప్రయాణానికి ఛార్జీలు లేవు. స్వదేశంలో కులం వెలివేసింది. ఆశ్రయమిచ్చినవారు చేయి వదిలితే నిలవనీడ లేదు. ప్రలోభంతో మతం మారిన మనిషి ఇలాంటి పరిస్థితిలో ఇలాంటి ఉత్తరాలు రాయదు.

బిడ్డ విషయంలో కూడా ఆమె తగ్గలేదు. మనోరమ వాంటేజ్‌లోనే సిస్టర్ల దగ్గర పెరుగుతోంది. అర్థం చేసుకునే వయసు రాకముందే ఆ పిల్లకు త్రిత్వం లాంటి గూఢసిద్ధాంతాలు నూరిపోయవద్దని తల్లి పట్టుబట్టారు. ఆశ్రమ నియమం ముందు తల్లి మాట చెల్లుతుందా అన్నది అక్కడ నిజమైన పేచీ.

ఇక బిషప్పుల సంగతి. చెల్టెన్‌హామ్‌లో రమాబాయి ఇండియాకు వెళ్లబోయే యువకులకు పాఠాలు చెప్పే ప్రతిపాదన వచ్చింది. బొంబాయి బిషప్పూ, లాహోర్ బిషప్పూ వద్దన్నారు. స్త్రీ పురుషులకు బోధించిందని తెలిస్తే ఇండియాలో ఆమె పలుకుబడి దెబ్బతింటుందని, అంటే మిషన్‌కు నష్టమని వారి లెక్క. హిందువుల మనోభావాలను బ్రాహ్మణ పండితురాలికి ఇంగ్లిషు బిషప్పులు బోధించటమన్నమాట! కలకత్తాలో, పుణెలో వందలమంది పురుషుల ఎదుట ఉపన్యసించిన మనిషి ఆమె. తన తండ్రిగానీ, భర్తగానీ ఎన్నడూ పెట్టని ఆంక్ష ఇప్పుడు మీరు పెడుతున్నారేమిటని ఆమె ఆశ్చర్యం వ్యక్తం చేశారు. వేదాధికారం లేదన్న పండితుడికీ, బోధనాధికారం లేదన్న బిషప్పుకీ మధ్య దూరం ఎంతో ఆమెకు అప్పుడు కొలతకు అందింది.

ఇంగ్లండులో అందరూ ఒకేలా ఉన్నారనటం సరికాదు. చెల్టెన్‌హామ్ ప్రిన్సిపాల్ డొరొథియా బీల్ కూడా నిష్ఠగల ఆంగ్లికన్. ఆమె మాత్రం రమాబాయి ప్రశ్నలను పొగరుగా చూడలేదు. ఒక తత్త్వశాస్త్ర విద్యార్థినితో మాట్లాడినట్టు, పేజీలకు పేజీలు ఓపికగా త్రిత్వం గురించి, అవతారం గురించి రాసింది. ఇలాంటి మనసును నోరు నొక్కి నిలుపుకోలేమని వాంటేజ్ పెద్దలను హెచ్చరించింది. ఒప్పించిందా అంటే, లేదు. కానీ ఆ ఉత్తరాలు చదువుతుంటే ఇద్దరు చదువుకున్న స్త్రీలు, మధ్య ఏ పురుష యాజకుడూ లేకుండా, దేవుడి స్వభావం మీద సమాన స్థాయిలో వాదించుకోవటం కనిపిస్తుంది. 1885లో ఇలాంటి దృశ్యం ఇంగ్లండులోనూ అరుదే.

ఇలా చర్చి సిద్ధాంతాన్ని నిలదీసిన తొలి భారతీయురాలు, భారతీయుడు అనే లెక్కలోకి వెళితే రామమోహన్ రాయ్ పేరు ముందు వస్తుంది. 1820లో ఆయన సువార్తల నుంచి అద్భుతాలనూ, త్రిత్వాన్నీ పక్కన పెట్టి నీతిబోధలను మాత్రమే సంకలనం చేసి ప్రచురించాడు. సెరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ విరుచుకుపడ్డాడు. ఏళ్ల తరబడి ఖండనమండనలు సాగాయి. బెంగాలీ బైబిలు అనువాదంలో రాయ్‌తో కలిసి పనిచేస్తున్న విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీ చివరికి 1821లో త్రిత్వాన్ని వదిలి ఏకత్వవాదిగా మారిపోయాడు. ముచ్చటైన కథే. అయితే రాయ్ చర్చి బయట నిలబడి వాదించాడు. ఆయనకు ఆస్తి ఉంది, పత్రిక ఉంది, స్నేహితులున్నారు. ఓడిపోయినా పోయేది లేదు. రమాబాయి లోపల నిలబడి వాదించారు. క్రీస్తును వదలనన్నారు, చర్చికి లొంగనన్నారు. రెండూ కలిపి పట్టుకోవటం ఎంత కష్టమో ఇరుపక్షాల తిట్లూ తిన్నవారికే తెలుస్తుంది.

తిట్లు పుణెలో సిద్ధంగానే ఉన్నాయి. బాప్తిస్మం వార్త రాగానే అక్కడి పత్రికలు ఆమెను ద్రోహిగా చిత్రించాయి. ఆమె పక్షాన గట్టిగా మాట్లాడినవాడు జోతిరావు ఫూలే. శాస్త్రాలు చదివిన బ్రాహ్మణ స్త్రీ వాటిని వదిలేసిందంటే తప్పు ఎక్కడుందో చూసుకోండని 1885లో 'సత్సార్'లో రాశాడు. రమాబాయి 1886లో అమెరికా వెళ్లి, వైద్యపట్టా పుచ్చుకుంటున్న బంధువు ఆనందీబాయి జోషిని అభినందించి, అక్కడే ఉండిపోయి 'ది హై కాస్ట్ హిందూ వుమన్' రాసి ప్రచురించారు. బోస్టన్‌లో ఆమె కోసం ఏర్పడ్డ సంఘానికి అధ్యక్షుడు ఎడ్వర్డ్ ఎవరెట్ హేల్, త్రిత్వాన్ని నమ్మని ఏకత్వవాద చర్చి బోధకుడు. వాంటేజ్‌లో ఎంత కలవరం పుట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. ఆ డిసెంబరులో అదే నగరంలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు వెళ్లిన కొద్దిమంది మహిళా ప్రతినిధుల్లో ఆమె ఒకరు.

సదన్‌లో మతబోధ ఉండదన్నది షరతు. కానీ ఆమె తన గదిలో తెల్లవారుజామున తలుపు తెరిచిపెట్టి ప్రార్థన చేసుకునేవారు, కొందరు అమ్మాయిలు వచ్చి కూర్చునేవారు. తలుపు మూసుకోవాలని సలహా సంఘం, మూయనని ఆమె. తిలక్ 'కేసరి' పత్రిక దీన్ని పెద్ద ఉద్యమంగా మార్చింది. 1893లో రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది అమ్మాయిలను పెద్దలు ఇళ్లకు తీసుకుపోయారు. ఇష్టమైతే వచ్చి కూర్చున్న వితంతువులను ఎవరైనా అడిగారా, మీరెందుకు వెళుతున్నారని? ఆ వివాదంలో వారి మాట ఎక్కడా వినిపించదు. తరువాతి శతాబ్దపు చట్టాల్లోనూ వినిపించదు.

రమాబాయి కథను హేతువాదిగా మొదలై హేతువాదిగా ముగిసినట్టు చెప్పటం నిజాయితీ కాదు. 1891 ప్రాంతంలో ఆమెకు ఒక గాఢమైన ఆధ్యాత్మికానుభవం కలిగింది. ఇన్నాళ్లూ తనకు క్రైస్తవ మతం దొరికింది గానీ క్రీస్తు దొరకలేదని ఆమె ఆ తరువాత చెప్పుకున్నారు. ఒకప్పుడు ప్రశ్నించిన ప్రాయశ్చిత్త సిద్ధాంతమే ఆమె విశ్వాసానికి కేంద్రమైంది. 1896–97 కరువులో మధ్యభారతం నుంచి వందలమంది ఆడపిల్లలను చేరదీసి, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదన్ కట్టారు. 1905లో అక్కడ పెద్ద ప్రార్థనోద్యమమే చెలరేగింది. లౌకిక చరిత్రకారులకు ఈ రెండో రమాబాయి కాస్త ఇబ్బంది. చర్చి చరిత్రకారులకు మొదటి రమాబాయి ఇబ్బంది. ఎవరికి కావలసిన సగం వారు తీసుకున్నారు. నాకు రెండు సగాల మధ్య తెగిన దారం కనిపించదు. వాంటేజ్‌లో ఎవరో చెప్పినందుకు నమ్మనన్నది ఆమే, పుణెలో తాను తేల్చుకున్నాక నమ్మినది ఆమే. ముక్తి సదన్ ఏ ఒక్క చర్చి శాఖ కిందికీ వెళ్లలేదు. ప్రభుత్వం క్రైస్తవులదే కదా అని ఆమె మెతకబడనూ లేదు. 1897లో పుణె ప్లేగు ఆసుపత్రిలో స్త్రీల దుస్థితి మీద ఆమె పత్రికకు రాసిన లేఖ బొంబాయి ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టింది.

చివరి దశలో ఆమె పెట్టుకున్న పని ఇంకా విచిత్రమైనది. మరాఠీలో అప్పటికే బైబిలు ఉంది. దాని భాష సంస్కృతం బరువుతో పండితులకే అర్థమయ్యేలా ఉందనీ, హిందూ దర్శనాల నుంచి వచ్చిన మాటలు వేరే అర్థాలను మోసుకొస్తున్నాయనీ ఆమె అభ్యంతరం. సంస్కృతం కంఠోపాఠంగా వచ్చిన మనిషి, శిలువ మీద సంస్కృతం కావాలని ఒకనాడు పోట్లాడిన మనిషి, పల్లె స్త్రీలకు అర్థమయ్యే మరాఠీ కోసం సంస్కృతాన్ని వదులుకున్నారు. యాభై ఏళ్లకు అటూఇటూ వయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మూలం నుంచి మొత్తం బైబిలును ఒక్కరే అనువదించారు. అక్షరాలు కూర్చటం, అచ్చువేయటం, బైండింగు అన్నీ ముక్తి సదన్ స్త్రీలే చేశారు. కరువులో వీధిపాలైన పిల్లలు, బాలవితంతువులు పెరిగి పెద్దయి కంపోజింగ్ కేసుల ముందు నిలబడ్డారు. 1921లో కూతురు మనోరమ పోయింది. తల్లి ప్రూఫులు దిద్దుతూనే 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. అచ్చయిన పుస్తకం ఆ తరువాత బయటికి వచ్చింది.

వాంటేజ్ ఉత్తరాలను భద్రంగా దాచి, వరుసగా పేర్చి, తన వ్యాఖ్యలతో సంకలనం చేసింది ఎవరో కాదు, సిస్టర్ జెరాల్డినే. వాటిలో తన వాదన ఎక్కడెక్కడ నిలబడలేదో చదివినవారికి ఇట్టే తెలుస్తుంది. అయినా ఆమె వాటిని చించివేయలేదు. ఎ.బి. షా సంపాదకత్వంలో మహారాష్ట్ర ప్రభుత్వ సాహిత్య సంస్కృతి మండలి ఆ సంపుటాన్ని 1977లో ప్రచురించింది. అదే ఏడాది జనవరిలో, ఎమర్జెన్సీ ఇంకా అమల్లో ఉండగా, ఒడిశా, మధ్యప్రదేశ్ చట్టాలు రెండూ రాజ్యాంగబద్ధమేనని స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదన్నది ఆ తీర్పు సారాంశం. తనంతట తాను మారదలచిన మనిషి హక్కు ఏమిటన్నది ఆ తీర్పులో పెద్దగా చర్చకు రాలేదు. స్త్రీ అయితే శిక్ష రెట్టింపు ఎందుకన్న ప్రశ్న మీద ధర్మాసనం ఆగనే లేదు.